ఇనప వాషర్లు, ఇరుక్కున్న నడుము

మొన్న ఆదివారం నుంచి భిలాయిలో, ఉక్కు ఫ్యాక్టరీ పక్కన మా ఖుర్సీపార్‌లో నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవట్లేదు. "డబ్బా దీదీ" అంటున్నారు. ఎందుకో చెప్తాను, మధ్యలో నవ్వకండి. నవ్వితే ఆపేస్తాను.

బీఎస్సీ ఫిజిక్స్ అయిపోయి ఇంట్లో కూర్చున్నాను కదా. "బ్యాంక్ టెస్టు ఏటైందే?" అని వీధిలో ఆవులు తప్ప అందరూ అడిగారు. ఆ టెన్షన్ తట్టుకోలేక సెక్టర్ 2లో సుగుణ దీదీ డాన్స్ క్లాసులో చేరిపోయాను. దీదీ మన శ్రీకాకుళం వాళ్ళమ్మాయే. బొంబాయి వెళ్ళి బెల్లీ డాన్స్ నేర్చుకొచ్చి, దాన్ని మన తప్పెటగుళ్ళతో కలిపేసింది. కాళ్ళేమో తప్పెట కట్టుకున్నవాళ్ళలా గెంతాలి, నడుమేమో అరబ్ దేశంలో ఉండాలి. పైన మోకాళ్ళ దాకా కుర్తా. "పేట్ నహీ దిఖేగా, కామ్ దిఖేగా" అంటుంది దీదీ. పొట్ట కాదు, పనితనం కనబడాలట.

అమ్మకి చెప్పాను.

"బెల్లీ అంటే ఏటే?"

"పొట్టమ్మా."

"పొట్ట డాన్సా! నీకు పొట్టేదే ఊపడానికి? ముందు అన్నం సరిగ్గా తిను."

పర్మిషన్ ఇచ్చేసిందనే అనుకున్నాను.

కొన్నాళ్ళకి దీదీ అంది, "చిన్నపిల్లల బ్యాచ్ నువ్వు తీసుకో. కానీ ఆదివారం వాళ్ళ అమ్మల ముందు ఒక ఐటమ్ చెయ్యాలి. వాళ్ళు ఓకే అంటేనే." నా మొదటి ఉద్యోగం! అన్నం కూడా దిగలేదు. పొట్ట ఇంకా తగ్గింది.

నడుముకి గలగలలాడే బెల్టు కావాలి. దీదీ బెల్టుకి ఇత్తడి బిళ్ళలున్నాయి. నేను మావయ్య హార్డ్‌వేర్ షాపుకెళ్ళి వాషర్లు అడిగాను.

"ఇత్తడివా, ఇనపవా?"

"భిలాయిలో పుట్టి ఇత్తడేటి మావయ్యా! ఇనపవే ఇవ్వు."

ఈ డైలాగు కొంచెం గుర్తుపెట్టుకోండి.

వాషర్లన్నీ చున్నీకి కుట్టింది అమ్మే. "జారిందంటే పరువు పోద్ది" అని ఆ చున్నీని కుర్తాకి కూడా కుట్టేసింది, డబుల్ దారంతో.

ఆదివారం వచ్చింది. హాల్లో అమ్మలందరూ వరసగా కూర్చున్నారు. టెంట్ హౌస్ భయ్యా స్టేజీ మీదే ముందు అంచున, ఓ పక్కకి స్టూలు వేసి, జనం వైపు తిప్పి స్పీకర్ పెట్టాడు. దానికి వెనక చెక్క లేదు. లోపల గుండ్రటి మ్యాగ్నెట్, టిఫిన్ ప్లేటంత, కనబడుతూనే ఉంది. నేను చూశాను కూడా. "అయ్యో, దుమ్ము పడదా?" అనుకున్నాను. అంతే అనుకున్నాను.

దీదీ మైకులో, "ఈ అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్, ఫస్ట్ క్లాస్!" అంది. చప్పట్లు.

మొదలు బాగానే ఉంది. తర్వాత జనానికి వీపు పెట్టి, నడుం తిప్పుతూ వెనక్కి వెళ్ళే స్టెప్పు వచ్చింది. వెళ్ళాను. వెళ్ళాను. టక్!

ఎవరో బెల్టు పట్టుకున్నారనుకున్నాను. తిరిగి చూస్తే స్పీకర్. ఎడమకి లాగాను, స్టూలు ఎడమకి వచ్చింది. ముందు వరసలోంచి అమ్మ, "ఏటే, కదలవేటి?" అని సైగ చేస్తోంది. ఊపితే ఊడిపోతుంది కదా అని గట్టిగా ఊపాను. మిగతా వాషర్లు కూడా వెళ్ళి అతుక్కున్నాయి.

ఇంక ధైర్యం చేసి ఒక్క అడుగు ముందుకేశాను. స్టూలు పడిపోయింది. భయ్యా పరిగెత్తుకొచ్చి స్పీకర్ డబ్బాని గాల్లోనే వాటేసుకున్నాడు. "దీదీ, ధీరే! కిరాయే కా హై!" అద్దె డబ్బా అని అతని బాధ. నేనో అడుగేస్తే వెనకాల భయ్యా ఓ అడుగు. వైరు ఊడి పాట ఆగింది. నేను మాత్రం ఆగలేదు. ఆగితే ఉద్యోగం పోతుందని భయం! మేమిద్దరం, మధ్యలో స్పీకరు, అలా స్టేజంతా ఒక రౌండేశాం.

దీదీ మొహంలో ఒక్క కండరం కదల్లేదు. మైకు తీసుకుంది.

"యే ఫ్యూజన్ హై."

అమ్మలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

లోపల కత్తెరతో నన్ను విడదీశారు. కుర్తా వెనక ముక్క స్పీకర్‌తోనే వెళ్ళిపోయింది. అమ్మ ఇచ్చిన చున్నీ కప్పుకుని, ఏడుపు ఆపుకుంటూ బయటికొస్తే దీదీ వీపు తట్టి, "బ్యాచ్ నీదే" అంది. అప్పుడే ఒక పిన్నిగారు దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"బాగా చేశావమ్మా. మా పాపని రేపట్నుంచి పంపుతాను. ఆ డబ్బా స్టెప్పు తప్పకుండా నేర్పాలి, ఆఁ?"

"సరే పిన్నిగారూ."

ఆవిడ కొంచెం మొహమాటపడి, గొంతు తగ్గించింది.

"మా పెద్దోడు టెన్త్. ఫిజిక్స్ ట్యూషన్ చెప్పేవాళ్ళు... నువ్వు కాకుండా, ఇంకెవరైనా ఉన్నారా?"