బోరంచ స్పీడ్ బ్రేకర్

మా అక్క మొగుడి జీపు బోరంచ నల్లపోచమ్మ గుడి ముందర ఆగిపోవడం మొదలుపెట్టింది. వరుసగా మూడు రోజులు, అదే చోట. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. జనం ఎక్కడం మానేశారు. ఆ ఇంటికి ఆ జీపే ఆధారం.

"మొక్కు మర్చిపోయిన నేను, బామ్మర్దీ, తల్లి ఆపుతున్నది. శుక్రవారం కల్హేర్ నుంచి కొనేటాయన వస్తుండు, బండి అమ్మేస్త," అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. నారాయణఖేడ్‌లో ఇన్నేళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నవాణ్ణి, సొంత బావ బండికి రోగం చెప్పలేనా?

"తల్లికి నీ డొక్కు జీపుతోని ఏం పని? శుక్రవారం దాక ఆగు."

స్కానర్ పెడితే క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ అని చూపించింది. ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ ఏ స్థితిలో తిరుగుతోందో బండి కంప్యూటర్‌కు చెప్పే బొటనవేలంత సామాను అది. కొత్తది బిగించి మీసం మెలేశాను. మర్నాడు పొద్దున బావ ఫోను: "మళ్ల గాడనే ఆగింది."

గురువారం నేనే పక్కన కూర్చున్నాను. గుడి ముందరి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దబ్బున దిగామో లేదో, ఇంజిన్ ఆగిపోయింది. మా దారిలో అంత ఎత్తుది అదొక్కటే. నాకు నవ్వొచ్చింది. సెన్సర్ మంచిదే, దానికొచ్చే వైరు సంగతి చూడాలి. బండి స్టార్ట్ చేయించి, బానెట్ ఎత్తి, వైరును వేళ్లతో కదుపుతూ పోయాను. ఒకచోట కదపగానే ఇంజిన్ ఆగింది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగితీగ తెగింది. కుదుపు వచ్చినప్పుడల్లా ఆ తెగిన కొసలు విడిపోతున్నాయి.

నా నవ్వు కూడా అక్కడే ఆగింది. వైరును బిర్రుగా లాగి బిగించిన ప్లాస్టిక్ ట్యాగు ఉందక్కడ. ఎర్రది. ఎండాకాలంలో ఈ ఇంజిన్ రిపేరు చేసినప్పుడు నేను బిగించిందే, ఆ బిగువుకే తీగ తెగింది. సిగ్గేసింది. చెప్పకపోతే బావకు తెలియదు. కానీ అతను అప్పటికే చెప్పులు విడిచి గుడివైపు దండం పెడుతున్నాడు.

ట్యాగు కోసి, కొత్త వైరు ముక్క కలిపి, టేపు చుట్టి, ఈసారి వదులుగా కట్టాను. ఆ స్పీడ్ బ్రేకర్ మీదనే మూడుసార్లు ఎక్కించి దించాం. బండి ఆగలేదు.

"తల్లి కాదు బావా, ఆపింది నేనే. గీ ట్యాగు నాది."

బావ ఆ ఎర్ర ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. తిడతాడనుకున్నాను. కల్హేరాయనకు ఫోను చేసి బండి అమ్మనని చెప్పాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"గందుకే బామ్మర్దీ, దొంగ దొరికేదాక ఆపింది తల్లి. ఇగ కొబ్బరికాయ నువ్వే కొట్టాలె."

చెప్పులు విడిచి, వెళ్లి కొట్టాను.