చిన్నమ్మ చీర, కంపెనీ గ్లౌజులు

మా ఇంట్లో పదునైన నోటికి ‘తేజాబ్’ అని పేరు, అంటే యాసిడ్. అవ్వ ఆ మాటను మా చిన్నమ్మ కోసమే దాచిపెట్టుకున్నట్టు వాడేది. “దాని నోట్లె తేజాబే. పడ్డకాడ పొగ లేస్తది” అనేది. అని, ఆ పొగ తన మీదికి రాకముందే లోపలికి పోయేది.

అమ్మకు చెల్లెలైన ఈ చిన్నమ్మ మాతోనే ఉంటుంది. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో డ్రమ్ములు కడిగే పనికి కుదిరాక, ఇంటికి కొత్త మాట తెచ్చింది: కాస్టిక్. ఆ తెల్లటి ముక్కలను నీళ్లలో కరిగించి, ఆ నీళ్లతో డ్రమ్ములకు పట్టిన జిడ్డు వదిలిస్తారు. అప్పటిదాకా “నీ నోట్ల మన్ను పొయ్య” అని తిట్టిన మనిషి “నీ నోట్ల కాస్టిక్ పొయ్య” అనడం మొదలుపెట్టింది. కంపెనీ వల్ల మా ఇంటికి జరిగిన అభివృద్ధి ఇదొక్కటే. తర్వాత అదే కంపెనీలో ప్యాకింగు పనికి నేనూ చేరాను. కట్టంగూర్ నుంచి ఇద్దరం ఒకే బస్సులో పోయేవాళ్లం.

తేజాబ్‌కు నిజాయితీ ఉంది. పడగానే మండుతుంది, మనం అరిచి దూరం జరుగుతాం. కాస్టిక్ నీళ్లు అలా కాదు. ముందు సబ్బులా జారుతాయి. చేతికి మెత్తగా, హాయిగా కూడా ఉంటాయి. మంట తెలిసేసరికి చర్మం దాటి లోపలికి పోయి ఉంటాయి. చిన్నమ్మ కుడిచెయ్యి అట్లాగే కాలింది. గ్లౌజు వేళ్ల దగ్గర చిరిగి ఉంది. కొత్తవి ఇమ్మని ఆమె అడుగుతూనే ఉంది, స్టాకు లేదని వాళ్లు చెబుతూనే ఉన్నారు.

మేనేజరు స్వయంగా వచ్చాడు. “అయ్యో, మీరంతా మా కుటుంబం కదమ్మా. కాస్త జాగ్రత్తగా ఉండాల్సింది” అన్నాడు, ఎంతో మెత్తగా. ఆ మాట కూడా సబ్బులాగే జారింది. సాయంత్రానికి గానీ మాకు మంట తెలియలేదు. ఆమె అసలు గ్లౌజులే వేసుకోలేదని కంపెనీ అంతా చెప్పుకుంటోంది. తప్పు ఆమెదైతే దవాఖాన ఖర్చూ ఆమెదే. మళ్లీ పనిలోకి తీసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

అంతలో సేఫ్టీ వారోత్సవాలు వచ్చాయి. సేఫ్టీ ఆఫీసరు నన్ను పిలిచాడు.

“నువ్వు జోకులు మంచిగేస్తవట గద. ఒక స్కిట్ చెయ్. చీర కట్టుకోవాలె. గ్లౌజులు ఏసుకోనని మొండికేసే లేడీ వర్కరు వేషం నీది. ‘గ్లౌజులేసుకుంటే నా గాజులు కనవడయి సారూ’ అనాలె. మస్తు నవ్వుతరు.”

నాకు ఒళ్లు మండింది. ఆడవాళ్ల గాజులు గేటు దగ్గరే తీయిస్తారు. లోపల గాజులున్న చెయ్యి ఒక్కటీ కనబడదు. ఆ సంగతి డైలాగు రాసిన మహానుభావుడికి తెలుసు. ఆ రూలు పెట్టింది ఆయనే.

ఇంటికొచ్చి చెప్పాను. చిన్నమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది.

“వెయ్‌రా వేషం. చీర నాదే కట్టుకపో. నీ మొకానికి నప్పదు గని, దానికన్న స్టేజీ ఎక్కే భాగ్యం దక్కనీ.”

లోపలికి పోయి చీరతో పాటు ఒక కవరు తెచ్చింది. అందులో ఆ చిరిగిన గ్లౌజులు.

“గివి గూడ తీస్కపో. వేషం పూర్తిగుండాలె గద.”

కుటుంబాలతో రమ్మన్నారు కాబట్టి చిన్నమ్మ కూడా వచ్చి ఆడవాళ్లలో కూర్చుంది. మేనేజర్లు ముందు వరుసలో, మేమంతా వెనక. నేను చీరలో రాగానే ఈలలు పడ్డాయి. సూపర్‌వైజరు వేషం వేసిన మావాడు “గ్లౌజులేవమ్మా?” అన్నాడు.

“ఉన్నయ్ సారూ, గిదేం బాధ” అంటూ తొడిగాను. చిల్లుల్లోంచి రెండు వేళ్లు బయటికి వచ్చాయి. వాటిని ముందు వరుస వైపు ఆడించాను. “గాజులు గేటుకాడ తీయించిన్రు. గీ వేళ్లు గూడ ఆడ్నే పెట్టి రావాల్నా సారూ?”

వెనక వరుసలు గొల్లుమన్నాయి. ఆ నవ్వు ముందు వరుస దాకా రాలేదు. నేనింకేదో గొప్పగా అనబోతుంటే చిన్నమ్మ గొంతు లేచింది. “ఒరేయ్, కుచ్చిళ్లు జారుతున్నయ్, పట్టుకో! నా చీర ఇజ్జత్ తీస్తవా ఏంది!”

మేనేజరు మైకు తీసుకుని “చాలా మంచి సందేశం” అన్నాడు. చప్పట్లు కొట్టించాడు. అంతే మెత్తగా.

కొన్నాళ్లకు అందరికీ కొత్త గ్లౌజులు వచ్చాయి. చిన్నమ్మకు పిలుపు రాలేదు. “రెస్ట్ తీసుకో అమ్మా, చెయ్యి మానినంక చూద్దాం” అన్నాడు లేబర్ కాంట్రాక్టరు. చెయ్యి మానింది. ఆయన చూడలేదు.

అడిగీ అడిగీ తెప్పించింది ఆమే కదా అని ఒక జత ఇంటికి తెచ్చాను. తొడుక్కోబోయింది. వంకర తిరిగిన రెండు వేళ్లు లోపలికి పోలేదు. తీసి నా మీదికి విసిరికొట్టింది.

“గివి నీ నోటికి తొడుక్కోరా. నీ నౌకరన్న ఉంటది.”

ఇంకా అక్కడే పనిచేస్తున్నాను. నోటికి పట్టే సైజు మాత్రం స్టాకు లేదట.