మే నెలలో చూసిన స్థలం

గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జి వెనక, నీళ్ళ ట్యాంకు కింద ఉన్న గదిలో అమలమ్మ ఇరవై ఆరేళ్ళుగా కాపురం చేస్తోంది. భర్త అంతోని ఆ లాడ్జికి వాచ్‌మన్. ఆ గది ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. అమలమ్మ రెండు వీధుల అవతల నర్సింగ్ హోములో ఆయా. ఎందరి పిల్లలకో మొదటి స్నానం చేయించింది. తన స్నానానికి మాత్రం రోజూ లాడ్జి బాత్‌రూము ఖాళీ అయ్యేదాకా బకెట్టు పట్టుకుని నిలబడేది.

లాడ్జి అమ్మేశామని, రెండేళ్ళలో పడగొడతారని యజమాని చెప్పిన రోజున అంతోని అన్నం ముట్టలేదు. అమలమ్మ తిన్నది. తిని, చెయ్యి కడుక్కుని, "బందరు శివార్లలో స్థలం చూద్దామండీ. రెండు రేకులేసుకున్నా మనదవుతుంది" అంది.

స్థలం కొనడంలో ఆమె తొందరపడిందని ఎవరూ అనలేరు. తన చేతుల మీద పురుడు పోసుకున్న ఒక లాయరుగారి కోడలిని పట్టుకుని కాగితాలన్నీ ఆయనకు చూపించింది. స్థలం మీద అప్పులూ తాకట్లూ లేవని ఈసీ తీయించింది. సర్వే నంబరు ప్రభుత్వ నిషేధిత జాబితాలో లేదని రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుంది. ఒక్క విషయంలోనే పట్టుబట్టింది. చూడడం, కొనడం, రెండూ మే నెలలోనే జరగాలి. మే మరియమాత నెల. తన పెళ్ళి ఆ నెలలోనే అయింది. అంతోనికి ఈ ఉద్యోగం దొరికిందీ ఆ నెలలోనే.

మే అంటే డెల్టాలో కాలువలకు నీళ్ళు కట్టేసే నెల కూడా. పల్లెలో పుట్టిన అమలమ్మకు అది తెలియక కాదు. కుళాయి నీళ్ళకు అలవాటుపడిన మనిషికి ఆ సంగతి తట్టలేదు.

బ్రోకరు చక్రి వాళ్ళిద్దర్నీ బందరు బస్టాండు నుంచి ఆటోలో తీసుకెళ్ళాడు. ఊరు దాటాక ఎత్తైన మట్టి రోడ్డు వచ్చింది. రోడ్డు అంత ఎత్తుగా ఉన్నందుకు అమలమ్మ మురిసిపోయింది. రోడ్డుకు ఒకవైపు నెర్రెలిచ్చిన పెద్ద పల్లం, అందులో నాలుగు గేదెలు. రెండో వైపు రాళ్ళు పాతిన మూడు సెంట్లు.

"ఆ పల్లమేంటి బాబూ?"

"చేపల చెరువాంటీ. చేపలు పట్టేసి ఎండగట్టారు. ఇప్పుడేం లేదుగా."

నిజమే, అప్పుడేం లేదు.

రిజిస్ట్రేషను అయింది. ఆగస్టులో మాత పండక్కి పునాది తీద్దామని వెళ్ళేసరికి రోడ్డు ఎత్తు సగమే పైకి కనిపిస్తోంది. పల్లం నిండా నీళ్ళు, మధ్యలో చేపలకు గాలి అందించే చక్రాలు నురగ తీస్తూ తిరుగుతున్నాయి. తాము నిలబడింది రోడ్డు కాదని, చెరువు గట్టని అమలమ్మకు అప్పుడు అర్థమైంది. వారం రోజులుగా వాన లేదు. అయినా వాళ్ళ మూడు సెంట్లలో మోకాలి లోతు నీళ్ళు. సరిహద్దు రాళ్ళ తలలు మాత్రమే కనిపిస్తున్నాయి. అంతోని ప్యాంటు మడుచుకుని దిగి, మధ్యలో నిలబడి, చుట్టూ చూశాడు.

"వంటిల్లు ఎటనుకున్నాం అమలా?"



చెరువు యజమాని రామకోటేశ్వరరావు కంకిపాడులో ఉంటాడు. వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, కాఫీ ఇప్పించాడు. చెరువుకు అనుమతి ఉంది, కాగితం కూడా చూపించాడు.

"ఊట నేనాపగలనా అమ్మా? ఆపగలిగితే నీళ్ళు తోడే నా డీజిలు ఖర్చే మిగిలేది. మట్టి తోలించుకుని మెరక చేసుకోండి."

"లారీలు ఆ గట్టు మీదుగానే రావాలి కదండీ?"

"లారీలెక్కితే గట్టు నిలవదమ్మా. అదొక్కటీ అడగొద్దు."

తహసీల్దారు ఆఫీసులో గుమస్తా ఆమె కాగితాలన్నీ తిరగేశాడు. "డాక్యుమెంట్లు ఇంత క్లీన్‌గా ఉన్నాయి. ఇంకేంటండీ మీ ప్రాబ్లం?" అన్నాడు. నీళ్ళ సంగతి చెప్పింది. అది తమ సెక్షను కాదన్నాడు. ఏది ఎవరి సెక్షనో తెలుసుకునే సరికి ఆమె సెలవులు అయిపోయాయి. మోసం చేశాడని ఒక్కరి పేరు చెప్పగలిగినా ఆమె ప్రాణం కాస్త కుదుటపడేది.

మళ్ళీ మే వచ్చింది. లాడ్జికి ఇంకో ఏడాదే ఉంది. స్థలం అమ్మిపెట్టమని చెప్పి ఉంచిన చక్రి ఫోన్ చేశాడు.

"ఆంటీ, నేల ఆరింది. పార్టీ దొరికారు. మీరొచ్చి ఊరికే నిలబడండి. మాటలు నేను చూసుకుంటా."

వచ్చిన వాళ్ళు సిద్ధార్థ, సింధూరి. ఇద్దరూ బందరులో ప్రైవేటు స్కూలు టీచర్లు. బస్సులో దారి పొడుగునా అంతోని, "మనమేం అబద్ధం ఆడక్కర్లేదు. అడిగితే చెబుదాం" అంటూనే ఉన్నాడు. అమలమ్మ కూడా మనసులో అదే గట్టిగా పెట్టుకుంది. అడిగితే చెబుదాం.

వాళ్ళు ఈసీ అడిగారు. లింకు డాక్యుమెంట్లు అడిగారు. కరెంటు స్తంభం ఎంత దూరమో అడిగారు. సింధూరి చెప్పులు విడిచి నేల మీద నాలుగడుగులు నడిచి, రోడ్డు వైపు తిరిగింది.

"రోడ్డు బాగా ఎత్తుగా ఉంది కదండీ" అంది మొగుడితో, మురిపెంగా.

అంతోని అమలమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది.

"ఆగస్టులో ఒకసారి వచ్చి చూడమ్మా" అంది. "ఇప్పుడే బయానా ఇవ్వకు."

"ఎందుకాంటీ?"

"అది రోడ్డు కాదు, చెరువు గట్టు. నీళ్ళు పెడితే ఇదంతా ఊటే."

ఆ పిల్ల వంగి చెప్పులు వేసుకుంది. మొగుడు థాంక్స్ అన్నాడు. బండెక్కి వెళ్ళిపోయారు. గట్టు మీద దుమ్ము అణిగింది.

"మీకు స్థలం అమ్మడం రాదాంటీ" అన్నాడు చక్రి చివరికి.

"కొనడం మాత్రం వచ్చిందా నాయనా."

అతను నవ్వబోయి మానుకుని, బండి స్టార్ట్ చేశాడు. ఇంకో పార్టీని తెస్తానని చెప్పలేదు. అంతోని వెళ్ళి సరిహద్దు రాయి మీద కూర్చున్నాడు. బస్సుకు టైమవుతోందని అమలమ్మ పిలిచింది. అతను లేవలేదు. ఆమె కూడా వెళ్ళి పక్కనే నేల మీద చతికిలబడింది. నేల పొడిగా, గట్టిగా, ఇల్లు కట్టుకోవడానికి ఎంతో అనువుగా ఉంది.