తుమ్మచెట్లకు కట్టిన ఓడ

సాగర్ రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం బస్ డిపో దాటాక నాకో వెల్డింగ్ షాపు ఉంది. చుట్టుపక్కల పొలాలన్నీ వెంచర్లవుతున్న రోజులవి. ఎవరిని చూసినా గేటు కావాలి, అదీ రేపటికే కావాలి. ఇల్లు లేదు, గోడ లేదు, ఖాళీ జాగాకు గేటు! అన్నం తినే తీరిక లేక కనబడిన ప్రతివాడి మీదా కస్సుమంటుండేవాడిని. అసలే నాది ముక్కు మీద కోపం. అలాంటి ఒక పొద్దున పొడుగాటి ట్రాలీ లారీ వచ్చి, నా షాపుకు అడ్డంగా ఓ ఓడను దింపి పోయింది.

ఓడంటే మరీ ఓడ కాదు. నాగార్జునసాగర్‌లో టూరిస్టులను తిప్పి తిప్పి పాతబడిన ఇనుప లాంచీ. తుక్కు వ్యాపారి దాన్ని కొని, ముక్కలు కోసి పెట్టమని నా దగ్గరికి పంపాడు. షాపుకు దారి మూసుకుపోయిందని తిట్టుకుంటూనే గ్యాస్ కట్టర్ వెలిగించాను. మంట రేకుకు తగలబోతుండగా వెనక నుంచి కేక వినబడింది.

"ఆపురా! ఓడను కోస్తవా? చేతులెట్లొచ్చినయ్‌రా నీకు?"

చూస్తే మా చిన్నాయన. మా బాపుకు సొంత తమ్ముడు. మోపెడ్ స్టాండు కూడా వేయకుండా వదిలేసి పరుగెత్తుకొస్తున్నాడు.

"గిది లాంచీ, చిన్నాయనా. ఓడ గాదు" అన్నాను.

"నీళ్ల మీద పోయేదంత ఓడనే. బంజేయ్" అన్నాడు.

ఆయన నేవీలో పనిచేసి వచ్చినవాడు. వీపు మీద విమానాలను మోసే పెద్ద ఓడలో ఇంజన్ గది ఆయన కొలువు. మా వైపు పిల్లలు చెరువు కూడా నిండుగా చూడని కాలంలో ఈయన వెళ్లి సముద్రంలో పడ్డాడు. ఏడాదికోసారి సెలవుకు వచ్చేవాడు. చిన్నమ్మ ఇక్కడే ఉండి పొలం చూసుకుంటూ పిల్లలను పెంచింది. ఆయన రిటైరయ్యాడు, కొంతకాలానికి ఆయన ఓడా రిటైరయింది. దాన్ని ఒక రేవు పట్నంలో ఒడ్డున కట్టేసి మ్యూజియం చేశారు. చిన్నాయన సంబరం చూడాలి! "నిన్ను ఓడ ఎక్కిస్తనే" అని చిన్నమ్మకు మాటిచ్చాడు. ఒక ఏడు వరికోతలు అడ్డొచ్చాయి, ఒక ఏడు కోడలి కాన్పు, ఆ తర్వాత చిన్నమ్మ మోకాళ్లు. చివరికి ఏదైతే అదైందని బయల్దేరుదామనుకునేసరికి మ్యూజియం మూసేశారు. ఓడను తుక్కు కింద అమ్మేశారు.

ఆ కబురు తెలిసిన రోజు చిన్నాయన అన్నం ముట్టలేదు. "పోనీ తీయ్, ఇనుమే గదా" అంది చిన్నమ్మ ఆయనతో. నాతో మాత్రం వేరే మాట అంది. "మనిషి సగం జిందగీ ఆడనే గడిపిండు. అదెట్లుంటదో నాకు ఎరుకనే లేదు, బిడ్డా." ఆ మాట నా గుండెలో అట్లాగే ఉండిపోయింది. అందుకే ఆ రోజు కట్టర్ ఆర్పేశాను. లేకపోతే నేనెవరి మాట వినను.

తుక్కు వ్యాపారితో చిన్నాయన అక్కడికక్కడే ఫోన్‌లో బేరం కుదుర్చుకున్నాడు. లాంచీ ఈయనకు, బదులుగా వ్యాపారికి నేను పెద్ద రేకుల షెడ్డు వేసివ్వాలి. నన్ను ఒక్క ముక్క అడిగితే ఒట్టు! పక్కనే నిలబడ్డాను, నా రెక్కల కష్టాన్ని నా ముందే దానం చేసేశాడు.

"గిప్పుడు గీ ఓడను ఏడ పెడతవ్?" అని అరిచాను.

"చెరువు కాడ. మ్యూజియం జేస్త" అన్నాడు.

మా పెద్ద చెరువు శిఖానికి, అంటే నీళ్లు నిలిచే నేలకు, ఆనుకుని మాకు కొంత పట్టా పొలం ఉంది. చెరువు నిండితే నీళ్లొచ్చే జాగా కాబట్టి ఏ వెంచర్‌వాడూ దాని వైపు చూడలేదు. నిండేదెక్కడ! ఎన్నో ఏళ్లుగా ఆ చెరువులో మేకలు మేస్తున్నాయి, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. క్రేన్ పెట్టి ఓడను తీసుకెళ్లి ఆ పొలంలో కూర్చోబెట్టాం. నేల ఎండి నెర్రెలు విచ్చి ఉంది. అయినా చిన్నాయన లావు తాళ్లు తెచ్చి, ముందొకటి వెనకొకటి రెండు తుమ్మచెట్లకు ఓడను కట్టేశాడు.

"ఉరికిపోతదా ఏంది?" అన్నాను నవ్వుతూ.

"ఓడను కట్టకుంట ఇడిసిపెట్టొద్దురా. మా పద్ధతి గది" అన్నాడు.

తర్వాత విమానం మీద పడ్డాడు. విమానం లేకపోతే అది తన ఓడ కాదట. నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి తుక్కులోకి వచ్చిన చిన్న విమానం డొల్ల ఒకటి దొరికింది. పైలట్లు నేర్చుకునే రకం. ఇంజన్ లేదు, రెక్కలు లేవు. గేట్లకని తెచ్చుకున్న రేకుతో నేనే రెక్కలు చేశాను. దాన్ని ఓడ పైకప్పు మీద నిలబెట్టాక, ఊళ్లో వాళ్లంతా వచ్చి చూసి పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ, నా రెక్కలను చూసి నవ్వినవాళ్లను మాత్రం ఊరుకోలేదు.

మ్యూజియం కింది గదిలో పెట్టాడు. ఒకప్పుడు లాంచీ ఇంజను ఉండే గది అది, కిటికీ ఒక్కటీ లేదు. రెండు కిటికీలు కోస్తానంటే ఒప్పుకోలేదు. "నేను పనిజేసిన జాగల కిటికీ ఉండెనా?" అన్నాడు. తను వేసుకున్న నూనె మరకల బట్టలు, బూట్లు, మోచేతి పొడవు స్పానరు, అన్నం తిన్న స్టీలు ప్లేటు, తోటివాళ్లతో దిగిన ఫోటోలు అన్నీ గోడలకు బిగించాడు. మధ్యలో ఒక చేతుల కుర్చీ. అది చిన్నమ్మకు.

అక్కడే చిక్కొచ్చింది. ఆ గదిలోకి దిగాలంటే పైకప్పు మీది చదరపు కంతలోంచి నిలువు నిచ్చెన పట్టుకుని దిగాలి. చిన్నమ్మ కింద నిలబడి ఓడను, నిచ్చెనను, మమ్మల్ని చూసింది.

"నా కోసం జేసిన్రట! నేను కోతినా?" అంది.

తప్పు ఆమెది కాదు. అప్పుడు మేం చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ మా ఊరివాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతారు. ఓడ పక్కకు, నేలకు రెండు జానల ఎత్తులో నిలువెత్తు తలుపు కోశాం. ఓడకు, కింద! చిన్నాయన సముద్రంలో బతికినవాడు, నేను ఇనుముతో బతికేవాడిని, ఒక్కరికీ వెలగలేదు. వెలిగినా కోసేవాళ్లమే. ఆ చెరువు నిండుతుందని ఎవరైనా అంటే పిచ్చివాడనుకునే రోజులు. చిన్నమ్మ దర్జాగా ఆ తలుపులోంచి వెళ్లి కుర్చీలో కూర్చుంది. అటూ ఇటూ చూసింది.

"మంచిగనే ఉన్నది. మన బర్ల కొట్టం లెక్క సల్లగున్నది" అంది.

చిన్నాయన మొహం వాడిపోయింది. నేను చూశాను.

మ్యూజియానికి జనం బాగానే వచ్చేవారు. శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు గుంపులుగా వచ్చి నా రెక్కల కింద ఫోటోలు దిగేవారు. చిన్నాయన అందరికీ ఓపిగ్గా చెప్పేవాడు. చిన్నమ్మ రోజూ చాయ్ తెచ్చి, ఆ కుర్చీలో కూర్చుని తాగి పోయేది. కానీ ఆయనకు తృప్తి లేదు. "నేల మీదున్న ఓడను సూపిస్తే ఓడను సూపినట్టా?" అని ఒకసారి నా షాపులో కూర్చుని అన్నాడు. నేను గ్రైండర్ ఆన్ చేశాను.

ఆ తర్వాత ఒక ఏడు వానలు పట్టుకున్నాయి. వాన కాదు, మొగులుకు చిల్లి పడ్డట్టు. పై నుంచి వాగులన్నీ కదిలొచ్చాయి. చెరువు నడిమిలో ముందు మడుగులు, తర్వాత ఒకటే నీళ్లు. వాన తెరిపిచ్చినా వరద ఆగలేదు. ఊరు ఊరంతా కట్ట మీదే. ముసలివాళ్లు ఏడ్చారు, సంతోషంతోనే. ఆడవాళ్లు కట్ట మైసమ్మకు బోనాలెత్తారు, డప్పులు మోగాయి. ఆ మోతలో చిన్నాయన నా షాపుకు వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"నీళ్లు ఓడ కాడికొచ్చినయ్‌రా. తలుపు!"

జనరేటరు, వెల్డింగ్ మిషను, మందపాటి రేకు వేసుకుని వెళ్లేసరికి ఓడ చుట్టూ నీళ్లు. తలుపు గడపకు ఇంకా జానెడే తక్కువ. ఒడ్డు నుంచి గడపకు చెక్క వేశాం. ఆ రేకు సరిగ్గా అతకకపోతే మ్యూజియమంతా బురదలో మునుగుతుంది. అతికితే ఓడ తేలుతుంది. గేటుకు వెల్డింగంటే రెండు ముక్కలు ఊడకుండా ఉంటే చాలు. నీళ్లు ఆపమని ఏ గేటూ నన్నడగలేదు.

లోపల నుంచి అతుకుదామని రేకు ఎత్తాను. ఇంతలో చెక్క మీద అడుగుల చప్పుడు. చిన్నమ్మ! చేతిలో పసుపు, కుంకుమ, నిమ్మకాయ. ఓడకు బొట్టు పెట్టింది, గడపకు పసుపు రాసింది, లోపలికొచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"చిన్నమ్మా, దిగు. తలుపు మూసేస్తున్న" అన్నాను.

"మూయి" అంది.

"మల్ల ఎట్ల దిగుతవ్?"

"దిగేటప్పుడు సూద్దాం తీయ్."

"పాగలయినవా!" అని చిన్నాయన అరిచాడు. "అతుకు ఊడితే?"

"నువ్వు సగం జిందగీ నీళ్ల మీదున్నవ్. ఎన్నడన్న నన్నడిగి పోయినవా?" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. భయానికి కూడా నాకు కోపమే వస్తుంది. "కండ్లు మూసుకోని మొఖం ఆ దిక్కు తిప్పుకో!" అని ఆమె మీద అరిచి రాడ్డు అంటించాను. జన్మలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. అతుకు మీద అతుకు, దాని మీద మళ్లీ అతుకు. పైన డాంబరు పూశాను. పొగకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆమె కదలకుండా కూర్చుంది.

తర్వాత ముగ్గురం ఎదురుచూశాం. బయట నీళ్లు గడప దాటాయి. నేను ఆ రేకునే చూస్తూ కూర్చున్నాను. కింది మూలన చెమ్మ తేలింది. డాంబరు గుడ్డ పెట్టి అదిమాను, ఆగింది. పొద్దు వాలుతుండగా అడుగున ఏదో కిర్రుమంది. స్పానరు గోడ మీద ఊగింది. నేల మెత్తగా అయినట్టనిపించింది. కట్ట మీదున్నవాళ్లు ఒక్కసారిగా ఈలలు, కేకలు. తుమ్మచెట్లకు కట్టిన తాళ్లు బిగిసి మూలిగాయి. ఓడ తేలింది!

నేను చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాను. చిన్నాయన మాత్రం చిన్నమ్మనే చూస్తున్నాడు. ఆమె అరచేయి ఇనుప గోడకు ఆనించి, చెవిని కూడా గోడకు దగ్గరగా పెట్టింది. అవతల నీళ్లు గోడను తడుతున్న చప్పుడు.

"గిదేనా, నువ్వు ఇన్నేండ్లు ఇన్న సప్పుడు?" అంది.

"అవ్. గిదే" అన్నాడు చిన్నాయన.

ఇక ఆమెను బయటికి తేవాలి. నిచ్చెన ఎక్కదు, తలుపు లేదు. కట్ట పక్కనే ఒక వెంచర్‌కు ఆర్చీ నిలబెడుతున్న క్రేన్‌వాడిని ఫోన్‌లో బతిమాలి ఒడ్డుకు పిలిపించాను. కుర్చీకి చిన్నాయన తన చేతులతో ముడులు వేశాడు, ఒక్కొక్కటీ రెండుసార్లు లాగి చూశాడు. పైకప్పు కంతలోంచి చిన్నమ్మ కుర్చీతో సహా మెల్లగా గాల్లోకి లేచింది. కట్ట మీద జనం చప్పట్లు కొట్టారు. నా రేకు రెక్కల విమానం దాటి, దాని పైకి పోయాక ఆమె గట్టిగా అరిచింది.

"జర ఆగు బిడ్డా!"

క్రేన్ ఆగింది. నేనూ చిన్నాయనా నిచ్చెన ఎక్కి కంతలోంచి తలలు బయటపెట్టాం. ఆమె గాల్లో కూర్చుని చూస్తోంది. ఇటు ఒడ్డు నుంచి అటు ఒడ్డు దాకా ఎర్రటి ఎండలో మెరుస్తున్న నీళ్లు, మధ్యలో ఓడ, ఓడ మీద విమానం.

"ఏమయ్యో!" అని పైనుంచి చిన్నాయనను పిలిచింది. "ఇంత మంచిగుంటదా? ఒక్కనాడన్న చెప్పకపోతివి!"

"నాకేమెరుకనే" అన్నాడు చిన్నాయన, మెడ ఎత్తి. "నేను కిందనే ఉంటి గదా."

చిన్నమ్మ కుర్చీ చేతి మీద దబదబా కొట్టి నన్ను కేకేసింది.

"ఒరేయ్, సూసుకుంట నిలవడ్డవేందిరా! ఇంకో కుర్చీ తే. గీనను గూడ లేపుర్రి."