పొడపత్రి ఆకూ, అత్త చేసిన లడ్డూ

ఆ రోజుల్లో డిగ్రీ చేతికొచ్చిన ప్రతి కుర్రాడికీ లోకానికి ఏదో ఒకటి బోధించాలన్న తహతహ ఉండేది. లోకానికి వినే తీరిక ఉందా అన్నది మాత్రం ఎవరికీ తోచేది కాదు. నాది వృక్షశాస్త్రం, అంచేత నా తహతహ అంతా చెట్ల మీదే. అరవైల చివర్లో సంగతి. రాజాం దాటి పాలకొండ వెళ్లే దారిలో, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన ఒకాయన తన మెట్టభూమిలో తోట వేశారు. గులాబీలూ క్రోటన్లూ కావు; మన కొండల్లో, మన గట్ల మీద వాటంతటవే పెరిగే మొక్కలు. ఊళ్లో అందరూ ఆయన్ని ఆకుల మాస్టారు అనేవారు. ఆయన దగ్గర నేను సహాయకుణ్ణి. ప్రతి ఆదివారం సందర్శకులను తోటంతా నడిపించి చూపించడం, పాకలో ఉపన్యాసం, ఆ తర్వాత అడ్డాకులతో విస్తళ్లు కుట్టడం నేర్పించడం మా కార్యక్రమం. అన్నీ ఉన్నాయిగానీ సందర్శకులే లేరు. బస్సు తప్పిపోయినవాళ్లు మాత్రం ఎండకి తాళలేక లోపలికొచ్చేవారు. (వాళ్లు కూడా హారన్ వినపడగానే నన్నూ నల్లేరునూ వదిలేసి పరుగెత్తేవారు.)

రాజాంలో మిఠాయి కొట్టున్న మా మేనమామ దగ్గర ఒకనాడు నా గోడు వెళ్లబోసుకున్నాను. మావ పడీపడీ నవ్వాడు. "ఒరే అల్లుడూ, ఒట్టి ఆకులు సూడ్డానికి ఎవుడొస్తాడ్రా? లడ్డూలెడతామని సెప్పు, ఊరు ఊరంతా దిగిపోద్ది!" అన్నాడు. మావకి నా మీద ప్రేమ ఉన్న మాట నిజమే. అయితే దాని పక్కనే ఇంకో ఆలోచన కూడా ఉంది. ఊళ్లో నూనెల షావుకారు కూతురికి పెళ్లి కుదిరింది. ఆ పెళ్లి మిఠాయిలు తన కొట్టు నుంచే వెళ్లాలని మావ పంతం. షావుకారుని చల్లగా చెట్ల నీడన తిప్పి, మా అత్త చేసిన లడ్డూ నోట్లో పెడితే చాలు, మారుమాట ఉండదనుకున్నాడు. అత్త లడ్డూ అలాంటిది మరి. కొట్టు పేరు మావది, చెయ్యి అత్తది.

అనుకున్న ఆదివారం రైసుమిల్లు లారీ నిండా జనం దిగారు. షావుకారు, ఆయన భార్య, బజారులో సగం మంది వర్తకులు, వాళ్ల ఇల్లాళ్లు! ఆకుల మాస్టారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అత్త లడ్డూల గంపతో పాకలో ఉండిపోయి విస్తళ్లు సర్దుతోంది. మిగతా అందరినీ నేను తోటలోకి నడిపించాను. తంగేడు, విప్ప, పాలకొడిసె చూపించుకుంటూ పొడపత్రి తీగ దగ్గరికి చేరాం. ఆ రోజుకి నా బ్రహ్మాస్త్రం అదే. ఆ ఆకు నమిలితే కాసేపటి దాకా నాలుకకి తీపి అన్నది తెలియదు. ముందే చెబితే మజా ఏముంది? అందరిచేతా నమిలించి, జేబులో పొట్లం కట్టుకున్న పంచదార తలా చిటికెడు వేసి, అది ఇసకలా ఉందని వాళ్లు తెల్లబోయినప్పుడు అసలు రహస్యం విప్పాలని నా పథకం.

"సేదుగున్నాది బాబూ," అంటూ మొహాలు చిట్లించుకుని నమిలారు. "ఒంటికి మంచిదేనా?" అన్నాడు షావుకారు. "చాలా మంచిదండీ," అన్నాను. ఆయన మరో రెండాకులు కోసుకున్నాడు. మావ అయితే నా పరువు నిలబెట్టడానికి గుప్పెడు నోట్లో కుక్కుకున్నాడు. నేను పొట్లం కోసం జేబులో చెయ్యి పెట్టానో లేదో, జోరున వాన మొదలైంది. ఒక్క క్షణంలో జనమంతా పాక వైపు పరుగో పరుగు. మాస్టారి చెయ్యి పట్టుకుని, బురదలో ఆయన చెప్పులు వెతికి తొడిగి, చిట్టచివర వచ్చినవాణ్ణి నేనే. పొట్లంలో పంచదార అప్పటికే పాకమై లాగు మీదుగా కారిపోతోంది.

నేను పాకలో అడుగు పెట్టేసరికి అందరి చేతుల్లో సగం కొరికిన లడ్డూలున్నాయి. షావుకారు ఆవు నెమరేసినట్టు నెమ్మదిగా నములుతూ మావ మొహం కేసి చూస్తున్నాడు. మావ తన లడ్డూ కొరికాడు. ఆగాడు. మళ్లీ కొరికాడు.

"ఒసే, పంచదార ఎయ్యనేదేటే?"

అత్త తలెత్తింది. మావకి అత్త సొంత మేనత్త కూతురే, అంచేత పెళ్లయ్యాక కూడా బావ అనే పిలిచేది. "ఏటి బావా, పరాసికాలా?" అంది.

"పరాసికం నీదా నాదా? ఒట్టి సెనగపిండిలాగున్నాది! రేషను పంచదార ఎక్కడ దాసేసినావు?"

అత్త ఒక లడ్డూ చిదిపి నోట్లో వేసుకుంది. "తేనెలాగున్నాది! మీకు మతులు పోనాయేటి అందరికీ?"

"అమ్మా, నిజంగానే సప్పగున్నాది," అన్నాడు షావుకారు మర్యాదగా. వర్తకులంతా తలలూపారు. అత్తకి కళ్లు ఎర్రబడ్డాయి. ఇంత మందీ కూడబలుక్కుని తన చేతిని అవమానిస్తున్నారనుకుంది పాపం. అప్పుడు నేను మధ్యలోకి దూకి, "ఇది ఆకు మహిమ! లడ్డూ తప్పు కాదు!" అని అరిచాను. "నోర్ముయ్యరా! ఆకు ఆ తీగ కాడ తిన్నాం, లడ్డూ ఈ పాకలో తిన్నాం. దానికీ దీనికీ ఏటి సంబంధం?" అని మావ కసిరాడు. వెనక నుంచి ఆకుల మాస్టారు, "ప్రయోగం ఫలించిందోయ్!" అని చప్పట్లు కొట్టారు. (అలాంటి సమయంలో అనవలసిన మాట కాదది.)

చివరికి అత్తే వానలోకి వెళ్లి ఒక ఆకు తెంపుకొచ్చి, అందరి ముందూ నమిలి, లడ్డూ నోట్లో పెట్టుకుంది. అత్త మొహం మెల్లగా పాలిపోయింది. "ఓలమ్మో, నా నోరు సచ్చిపోనాదిరో!" అని గంప పక్కన చతికిలబడింది. అందరూ గొల్లుమన్నారు. షావుకారు భార్య మాత్రం నవ్వలేదు. మొగుడి పొట్ట కేసి ఒకసారి చూసి, నా దగ్గరికొచ్చి గుసగుసగా, "బాబూ, ఈ తీగ మా పెరట్లో బతుకుతాదా?" అనడిగింది.

వాన వెలిసేలోగా ఒక్కొక్కరి నాలుకా తిరిగొచ్చింది. "వచ్చింది, వచ్చింది!" అని కేకలు పెడుతూ జనం గంప మీద పడ్డారు. షావుకారు ముచ్చటగా మూడు తిని మూతి తుడుచుకుని, "పెళ్లికి లడ్డూలు మీవే. గానీ ఈ అల్లుణ్ణి మాత్రం పందిట్లోకి రానియ్యకండి," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో లారీలో అత్త ఓ మూల గంప ఒళ్లో పెట్టుకుని రోడ్డు కేసి చూస్తూ కూర్చుంది. అందరి ముందూ మావ అన్న మాట ఆమె నాలుక మీద ఇంకా చేదుగానే ఉంది. గుప్పెడు నమిలిన మావకి మాత్రం తీపి ఇంకా రాలేదు. గంపలోంచి ఒక లడ్డూ తీసుకుని తిన్నాడు. కాసేపాగి ఇంకొకటి. పొలాలు గడిచిపోతున్నాయి. మూడో లడ్డూ నోట్లో పెట్టుకున్నవాడు ఉన్నట్టుండి కళ్లు మూసుకుని, "అమ్మ దీని తస్సాదియ్యా..." అన్నాడు మెల్లగా. అత్త తల తిప్పలేదు. గంప మాత్రం కాస్త మావ వైపు జరిపింది. మావ తింటూనే ఉన్నాడు.

ఆ ఇద్దరికీ ఎదురుగా కూర్చుని, అంతసేపూ, నాలుక మీద పొడపత్రి ఎలా పనిచేస్తుందో నేను వివరిస్తూనే ఉన్నాను. ఇద్దరిలో ఎవరూ విననేలేదని తెలియడానికి నాకు పెళ్లయ్యాక కూడా చాలా ఏళ్లు పట్టింది.