పది కాసుల మినిమం

ఈ ఏడాది ఆషాఢం, తొలి మంగళవారం, పొద్దున్న పదకొండు గంటలకి జరిగింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, యానాంలో నాలాంటి కంసాలి కొట్టుకి పనీ ఉండదు. వచ్చిన ఒక్క పనీ నా ఓపిక తీసేసింది. అక్షరాలు యాభై దాటాక నేర్చుకున్నవాణ్ణి, డొంకతిరుగుడుగా రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కనకాలపేట నుంచి చేపలమ్మే సత్తెమ్మ వచ్చింది. వెనకాల మొగుడు పెంటయ్య, ఆడపడుచు కొడుకు సురేషు. సురేషు ఏదో బంగారం కంపెనీకి ఏజెంటు. మన బంగారం వాళ్ళ దగ్గర పెడితే ముసలితనంలో నెలనెలా పింఛనులా డబ్బిస్తారట. దానికి ‘మినిమం’ పది కాసులు, అంటే అంతకు తగ్గితే ఖాతా తెరవరు. కాసంటే ఎనిమిది గ్రాములు. నగలు పనికిరావు, కరిగించి ముద్ద చేసి తేవాలి. లెక్క మాత్రం మేలిమి బంగారానికే.

సత్తెమ్మ చెంగు విప్పి గాజులు, నానుతాడు, చెవుల గంటీలు నా ముందు పోసింది.

“సరిగ్గా పది కాసులు. కరిగించెయ్యి ఆచారీ.”

“మేలిమి లెక్కయితే పది రాదమ్మా.”

“ఎందుకు రాదు? కాటా వేయించుకునే వచ్చాను.”

బంగారం మెత్తన. నగ నిలబడాలంటే రాగి కలపాలి. ఆ రాగి పోగా మిగిలేదే మేలిమి. ఇదంతా చెప్పాను. మళ్ళీ చెప్పాను. గోడకి చెప్పినా వినేది.

“ఏదీ, ఒక గాజు కరిగించి చూపించు,” అంది.

మూసలో వేసి మంట పెట్టగానే గాజు సందుల్లో ఇరుక్కున్న చేప పొలుసు మాడి కొట్టంతా కంపు. ముద్దని మేలిమి ఎంతో చూపించే మెషిన్లో పెట్టి చూస్తే, ఆ లెక్కన మొత్తం బంగారం తొమ్మిది కాసులకి కాస్త అటూ ఇటూ.

“కాసు మింగేశావు!”

“నీ కళ్ళముందేగా చేశాను!”

“కంసాలోళ్ళు కళ్ళముందే మింగుతారంట.”

పెంటయ్య కిసుక్కున నవ్వాడు.

“సరేలే, ఆ తగ్గినదానికి రాగి కలిపి పది చేసెయ్యి,” అంది సత్తెమ్మ.

“రాగి ఉండబట్టే తగ్గిందంటుంటే, ఇంకా కలపమంటావేంటే!” నా కేక సంత దాకా వినపడి ఉంటుంది.

అప్పుడు సురేషు నోరు విప్పాడు. “అత్తా, మెళ్ళో పుస్తెలతాడు ఉంది గదా. అది కలిపితే సరిపోద్ది.”

నాకు ఒళ్ళు మండింది. “మొగుణ్ణి పక్కన పెట్టుకుని పుస్తెలు కరిగిస్తావటే?”

“ఈయన కోసమే. రేపు వల లాగలేకపోతే ఈయనకి తిండెవరు పెడతారు? పసుపుకొమ్ము కట్టుకుంటాలే,” అంటూ మెళ్ళో చెయ్యి పెట్టేసింది. పెంటయ్య నవ్వు ఆగిపోయింది.

పటకారు కింద పెట్టి సురేషుని అడిగాను. “ఒరే, మధ్యలో అవసరమొస్తే ఓ కాసు తీసుకోవచ్చా?”

“కుదరదండి. మినిమం కంటే తగ్గితే అకౌంట్ క్లోజ్. పైగా చార్జీలు పట్టుకుంటారు.”

సత్తెమ్మ చెయ్యి తాడు మీదే ఆగింది. “మరి వేసవిలో సర్కారు చేపల వేట ఆపేసిన రెణ్ణెల్లూ? ఏటా గాజులు తాకట్టు పెట్టేగా తింటున్నాం?”

“బంగారం కంపెనీ దగ్గరుంటే ఎలా పెడతావు అత్తా?”

“అయితే ఏం తినాల్రా?”

“అది... కంపెనీని అడగాలి.”

“నీ కంపెనీ పింఛనిచ్చే ముసలితనం దాకా మేం బతకొద్దేంట్రా!” అంటూ నగలన్నీ చెంగులో కట్టేసింది.

ఆ కరిగిన గాజు కోసం మళ్ళీ తగువు. మజూరీ ఇవ్వనంది, తీసుకోకుండా వదలనన్నాను. సగానికి తెగింది. నాకు నష్టమే.

ఇప్పుడు ఎవరు కరిగించమని వచ్చినా, మూస ముట్టకముందే ఒకటి అడుగుతున్నాను: ఏడాదిలో ఈ బంగారం మీకు ఎప్పుడెప్పుడు కావాలి? ఆ మాట గాజు కరగకముందే అడిగుంటే నా గొంతూ మిగిలేది, మజూరీ మిగిలేది.

ఆ రోజు కొట్లో ఉన్నది సత్తెమ్మ, పెంటయ్య, సురేషు, వీర్రాజాచారి అనే నేను. సత్తెమ్మ ముసలితనం గురించి అంత రభసకి కారణమైన ఆ కంపెనీ వాళ్ళు మాత్రం, ఏజెంటు తప్ప, ఒక్కరూ లేరు.