దక్షిణ ద్వారం ఇల్లు, నా పూర్వపక్షం

మేము కొనుక్కోగలిగిన ఇల్లు మా అమ్మాయి బడి వెనక వీధిలోనే ఉంది. అమ్మకానికి వచ్చి మూడు వారాలైంది. అయినా దాని సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఒక కారణం, దాని గుమ్మం దక్షిణం వైపు ఉండటం. ఇంకో కారణం నేను. మొదటిది చెప్పడం తేలిక. రెండోది ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది.

ఐర్లండులోని డ్రోహెడాలో ఏడేళ్ళుగా ఒకే అద్దె ఇంట్లో ఉన్నాం. మా ఆవిడది వరంగల్లు, ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. నడిచే డ్యూటీకి వెళుతుంది. కారు నేర్చుకోమంటే, "కార్లు గుద్దుకున్నోళ్ళను రోజు నేనే జూస్త. నాకెందుకు?" అంటుంది. నేను పొద్దున్నే రైలెక్కి డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో కంప్యూటరు ముందు కూర్చుని సాయంత్రానికి తిరిగొస్తాను. ఆ రైల్లోనే తెలుగు పత్రికలకు మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాను. అచ్చయినవి మా అమ్మాయి చదవలేదు. చదవగలిగిన మా ఆవిడ చదవనంటుంది.

జనవరిలో ఇంటి యజమాని ఉత్తరం రాశాడు. ఇల్లు అమ్మేస్తున్నాను, ఆగస్టు ఆఖరుకల్లా ఖాళీ చేయండి, ఇన్నాళ్ళూ బాగా చూసుకున్నందుకు ధన్యవాదాలు. ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరకడం లేదు. కొనాలి. అదీ ఆసుపత్రికి నడిచి వెళ్ళగల దూరంలో, మా తాహతులో. లేదంటే ఊరు వదలాలి, అమ్మాయి బడి మారాలి. ఆ మాట అనగానే ఆ పదేళ్ళ పిల్ల చెంచా కింద పెట్టింది.

"నేను స్కూల్ మారను డాడ్, సో ఐ వోంట్."

తెలుగులో బతిమాలినా, ఇంగ్లీషులో బెదిరించినా అదే జవాబు, చివర ఈ ఊరి ఇంగ్లీషు తోకతో సహా.

ఇక నా నేరం సంగతి. గుంటూరు జిల్లాలో ఒక చిన్న పఠనమందిరంలో నేను వాదించడం నేర్చుకున్నాను. అక్కడ ఒకటే నియమం. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పగలిగితేనే దాన్ని ఖండించే హక్కు నీకుంటుంది. ముందు పూర్వపక్షం, అంటే అవతలివాడి మాట. ఆ తరువాత ఖండన. ఆఖర్న సిద్ధాంతం. ఈ వరస తప్పితే మా పెద్దాయన బల్ల మీద గుద్దేవాడు. ముప్ఫై ఏళ్ళయినా ఆ వరస నాలో పోలేదు.

ఉత్తరం రావడానికి కొన్ని నెలల ముందు మా ఊరివైపు తమ్ముడొకడు ఇల్లు చూడటానికి నన్ను తోడు తీసుకెళ్ళాడు. ఈ దేశపు దక్షిణ తీరాన రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసి అప్పుడే ఇటు బదిలీ అయినవాడు. చేతిలో ఫోను, ఫోనులో దిక్సూచి, దాని వెనకే విజయవాడ నుంచి వీడియోలో అత్తగారు. ఎస్టేట్ ఏజెంటు, ముప్ఫై దాటని ఐరిష్ మనిషి, మర్యాదగా వెనక నిలబడ్డాడు.

"బాబూ, ఫోను కాస్త ఇటు తిప్పు. పొయ్యి ఏ మూల ఉంది?"

"ఆగ్నేయమేనండీ అత్తయ్యగారూ."

"మరి గుమ్మం?"

"కొంచెం... దక్షిణం అండీ."

"కొంచెం దక్షిణం ఏంటి బాబూ! యముడు కొంచెం వస్తాడా?"

ఇల్లు వద్దని అక్కడికక్కడే తేలిపోయింది. ఏజెంటు నా వైపు తిరిగి, ఇంటికి ఏమైనా లోపమా అని అడిగాడు. నన్ను అలా అడగకూడదు. పూర్వపక్షం ఎత్తుకున్నాను. తూర్పు ఎందుకు శుభమంటారో, దక్షిణం ఎందుకు యముడిదంటారో, వంటిల్లు ఆగ్నేయంలో ఎందుకు ఉండాలంటారో, వాస్తు పండితుడే ముచ్చటపడేలా చెప్పాను. అతను జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. ఐర్లండులో నాకు దొరికిన మొదటి శిష్యుడనుకుని పొంగిపోయాను. ఆ తరువాత ఖండన అందుకున్నాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. మాట్లాడేటప్పుడు ఎవరు వింటున్నారో చూసే అలవాటు నాకు లేదు.

మా అవసరం వచ్చినప్పుడు సహజంగానే ఆ శిష్యుడి దగ్గరికే వెళ్ళాం. ఇల్లు వెబ్‌సైటులో పెట్టకముందే, గుమ్మం ముందు బోర్డు కూడా పాతకుండా, తన జాబితాలో ఉన్నవాళ్ళకు ఫోను చేసి చూపించడం అతని పద్ధతి. మా పేరు రాసుకున్నాడు. వారానికి ఒకటో రెండో ఇళ్ళు చూపించాడు కూడా. ప్రతిదానికీ పోటీ. మేము చెప్పిన ధర మీద ఎవరో ఒకరు ఇంకాస్త ఎక్కువ చెప్పేవారు. ఎనిమిది ఇళ్ళు అలా పోయాయి.

ఒక ఆదివారం మా ఆవిడ టీ తాగుతూ అంది. "ఒకటి జూసినవా? గీయన చూపెట్టినయన్నీ తూర్పు దర్వాజలే."

"యాదృచ్ఛికం. నాలుగిళ్ళు చూసి సూత్రం కట్టేస్తే దాన్నే మూఢనమ్మకం అంటారు."

"నాలుగు గాదు, ఎనిమిది. ఎనిమిదికి ఎనిమిది. మా దవాఖాన్ల అయితే దీన్ని లక్షణం అంటం."

శుక్రవారం దీపం పెట్టే మనిషి లెక్కపెట్టింది. హేతువాది నవ్వి ఊరుకున్నాడు. ఇది నా వ్యాసాల్లో ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

తరువాతి శనివారమే ఆమె నన్ను ఊళ్ళోని ఒక హాలుకు తీసుకెళ్ళింది. అక్కడ పక్కపక్కన రెండు బల్లలు, మధ్యలో ఒక కెటిల్. ఒక బల్ల దగ్గర రిటైరైన బ్యాంకు ఉద్యోగిని కూర్చుని, మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకు ఉచితంగా సలహా చెబుతుంది. ఏ కాగితాలు కావాలి, బ్యాంకు ఏం అడుగుతుంది, ధరల పోటీలో ఎక్కడ ఆగాలి, అన్నీ. రెండో బల్ల దగ్గర ఒక లాయరమ్మ. తల్లిదండ్రులది నైజీరియా, మాట మాత్రం అచ్చం డ్రోహెడా. రంగు చూసో, పేరు చూసో ఎవరికైనా ఇల్లు దక్కకుండా చేస్తే ఆమె కలగజేసుకుంటుంది. ఒకప్పుడు వీళ్ళిద్దరూ వేరువేరు రోజుల్లో వచ్చేవారట. సలహాకు వచ్చినవాళ్ళకు తమకు అన్యాయం జరుగుతోందని తెలిసేది కాదు. అన్యాయం జరిగిందని వచ్చినవాళ్ళ దగ్గర కాగితాలు ఉండేవి కావు. అందుకని బల్లలు కలిపారు.

బ్యాంకమ్మ తన దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఒక రూళ్ళ నోటుబుక్కు ఇస్తుంది. ఏజెంటు చూపిన ప్రతి ఇల్లూ, చూసిన రోజు, ఏమైందీ అందులో రాయాలి. మా ఆవిడ అంతకుముందే ఒకసారి వచ్చి అది తెచ్చుకుని, నాకు చెప్పకుండా ఎనిమిది ఇళ్ళూ రాసి ఉంచింది. అది తిరగేస్తూ పెద్దావిడ ఆగింది.

"బడి వెనక వీధిలోది చూడలేదా? మీ బడ్జెట్టుకు గ్రాండ్‌గా సరిపోతుంది కదా."

"ఏ ఇల్లు?" అన్నాం ఇద్దరం.

ఆమె లోపలికి వెళ్ళి ఇంకో నాలుగు నోటుబుక్కులు తెచ్చింది. ఇలా పోల్చి చూడటానికి అందరి దగ్గరా ముందే అనుమతి తీసుకుంటారు. పేర్ల మీద కాగితం అంటించి ఉంది. నాలుగూ మా ఏజెంటు దగ్గరికి వెళ్ళినవాళ్ళవే, రెండు ఐరిష్ వాళ్ళవి, రెండు భారతీయులవి అని మాత్రం చెప్పింది. ఐరిష్ వాళ్ళ రెండింటిలోనూ ఆ ఇల్లు ఉంది. భారతీయుల రెండింటిలో లేదు. మా ఆవిడ ఫోనులో మ్యాపు తెరిచి, పుస్తకాల్లో ఉన్న ఇళ్ళు ఒక్కొక్కటీ వెతికింది. ఐరిష్ వాళ్ళవి నాలుగు దిక్కులా ఉన్నాయి. మనవాళ్ళవి అన్నీ తూర్పే. బడి వెనక ఇల్లు దక్షిణం.

బల్లల దగ్గరి ఇద్దరు ఆడవాళ్ళకూ ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది, సగం.

"ఇది వివక్ష!" అని లేచి నిలబడ్డాను. వలసవచ్చినవాళ్ళ హక్కుల మీద ఆ హాలు ఎన్నడూ వినని ప్రసంగం నా గొంతులో తయారవుతోంది.

"గూసో," అంది మా ఆవిడ. "నీకు ఇల్లు గావాల్నా, ఉపన్యాసం గావాల్నా?"

లాయరమ్మ నవ్వింది. "ముందు ఆ ఏజెంటునే అడుగుదాం. అరిచే హక్కు ఎక్కడికీ పోదు." అని ఒక ప్రశ్న వేసింది. "వివక్ష అన్నారు కదా, మీ వాళ్ళు గది అద్దెకిచ్చేటప్పుడు ఏం అడుగుతారు?"

ఫోనులో మా తెలుగువాళ్ళ గ్రూపు గుర్తొచ్చింది. 'శాకాహారులకు మాత్రమే. మనవాళ్ళయితే మంచిది.' ఆ మనవాళ్ళంటే ఏ కులమో రాయనక్కరలేదు, పెట్టినవాడి ఇంటిపేరే చెబుతుంది. కులం మీద నేను పేజీలకు పేజీలు రాశాను. ఆ గ్రూపులో మాత్రం ఇన్నేళ్ళూ నోరెత్తకుండా ఉన్నాను. ఆ మాటే ఆమెకు చెప్పాను.

"అయితే దానికీ ఒక నోటుబుక్కు పెట్టండి," అంది. పెట్టాను, రాసిందల్లా అక్కడే అడిగాను. ఆ గ్రూపులో ఇప్పుడు నేనంటే ఎవరికీ పడదు.

ఆమె ఏజెంటుకు నాలుగు వాక్యాల ఉత్తరం రాసింది. మరుసటి శనివారం అతనే హాలుకు వచ్చాడు. ముందున్న నోటుబుక్కులు చూశాడు. నన్ను చూశాడు. అతని ముఖంలో భయం లేదు, ఆశ్చర్యం ఉంది.

"కానీ ఇదంతా నాకు చెప్పింది మీరే కదా!"

జేబులోంచి తన నోటుబుక్కు తీశాడు. ఒక పేజీ నిండా నాలుగు దిక్కుల బొమ్మ. తూర్పు దగ్గర నవ్వుతున్న సూర్యుడు. దక్షిణం దగ్గర కొమ్ములున్న దున్నపోతు. నా పూర్వపక్షం పొల్లు పోకుండా ఉంది.

"దాన్నంతా నేను ఖండించాను!"

"ఎప్పుడు?"

"ఆ తరువాత!"

"తరువాతా? ఆ రోజు మూడున్నరకు నాకు ఇంకో ఇల్లు చూపించేది ఉంది. వెళ్ళిపోయాను." అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "అపశకునమైన ఇల్లు చూపించి మీ వాళ్ళను బాధపెట్టకూడదనుకున్నాను. అది గౌరవం అనుకున్నాను."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ నవ్వు రెండు బల్లలకూ పాకింది.

మొదట తేరుకున్నది లాయరమ్మ. "గౌరవంతో దాచినా, ద్వేషంతో దాచినా, పేరు చూసి ఇల్లు దాచడమే. చట్టం అది ఒప్పుకోదు. ఏ దిక్కు కావాలో అందరినీ అడగండి. మీకు తెలిసిందని మీరే జవాబు రాసుకోకండి."

బ్యాంకమ్మ ఇంకో సంగతి చెప్పింది. అది నాకు తట్టనే లేదు. ఇక్కడి ఇళ్ళకు గుమ్మం తూర్పున ఉంటే పెరడు పడమరన ఉంటుంది. పెరట్లో సాయంత్రపు ఎండ పడుతుంది. ఎండ కోసం మొహం వాచిన ఐరిష్ వాళ్ళందరూ ఆ ఇళ్ళకే ఎగబడతారు. అంటే గౌరవం పేరిట మమ్మల్ని ప్రతిసారీ మేము గెలవలేని పోటీకే పంపాడన్నమాట.

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ సాయంత్రమే తన జాబితాలో ఉన్న అందరికీ ఒకే ప్రశ్నల కాగితం పంపాడు. సోమవారం బడి వెనక ఇల్లు చూపిస్తానన్నాడు. అప్పటికే ఇద్దరు దానికి ధర చెప్పారని, అది మాత్రం తను ఆపలేనని కూడా చెప్పాడు. ఇంత వరకు అప్పిస్తామని బ్యాంకు ముందుగా ఇచ్చే కాగితం ఒకటి ఉంటుంది. మాది తొమ్మిది రోజుల్లో గడువు తీరిపోతోంది. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని అక్కడే కూర్చుని కొత్తదానికి దరఖాస్తు నింపించింది.

సోమవారం మా ఆవిడ ఆ గుమ్మంలో నిలబడి చుట్టూ చూసింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. వాస్తును ఖండించడం వేరు, భార్య ముఖం చూడటం వేరు.

"ఏమంటావు?"

"ఈ దేశంల ఎండ వచ్చేదే దక్షిణం దిక్కుకెల్లి. ముంగటి రూంల పడుతది. డ్యూటీ జేసొచ్చి ఆడ కూసుంట." రెండడుగులు లోపలికి వేసి వెనక్కి తిరిగింది. "యముడా? ఆయన నాకు రోజు దవాఖాన్ల కలుస్తడు. ఇంటికెందుకు వస్తడు?"

ముందు ధర చెప్పిన ఇద్దరిలో ఒకరు పెరట్లో నీడ చూసి తప్పుకున్నారు. ఇంకొకరి బ్యాంకు కాగితం సిద్ధంగా లేదు. మాది ఉంది. తాళాలు మా చేతికి వచ్చేసరికి ఆగస్టు రెండో వారమైంది. అమ్మాయి ఆ పూటే బడి గేటు దాకా నడిచి, నాలుగు నిమిషాలే పట్టిందని ప్రకటించింది.

ఇల్లు మారిన రోజు ఉదయం మా ఆవిడ ఇంకా అట్టపెట్టెలు విప్పకుండానే పొయ్యి మీద పాలు పెట్టింది.

"టీ కోసం," అంది నా వైపు చూడకుండా.

"టీకి రెండు లీటర్ల పాలా?"

"పెద్ద టీ."

నేను నోరు తెరవబోతుండగా తలుపు చప్పుడైంది. ఏజెంటు. పెరటి తలుపు తాళంచెవి ఇవ్వడం మరచిపోయాడట. లోపలికి వస్తూనే గిన్నె అంచు దాకా లేచిన నురగ చూసి, ఆర్పనా అని ముందుకు ఉరికాడు. మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. పాలు పొంగి పొయ్యంతా పారాయి. అతను జేబులోంచి మెల్లగా నోటుబుక్కు తీశాడు.

"ఇది కూడా నియమమా?"

మా ఆవిడ, అట్టపెట్టె మీద కూర్చున్న అమ్మాయి, అతను, ముగ్గురూ నా వైపే చూశారు. మా పఠనమందిరం పెద్దాయన అక్కడ ఉంటే బల్ల విరిగేదే. అయినా సరే, వరస తిప్పేశాను.

"అక్కరలేదు," అన్నాను. "పాలు పొంగకపోయినా ఇల్లు నిలుస్తుంది. ముందు ఇది రాసుకోండి."

రాసుకున్నాడు. కింద గీత కూడా గీశాడు. అప్పుడు పూర్వపక్షం మొదలుపెట్టాను. టీ ఇంకా కాగుతోంది గనక ఈసారి అతను ఎక్కడికీ వెళ్ళలేదు.

"డాడ్, పాలన్నీ హాబ్ మీదే ఉన్నాయి, సో దే ఆర్," అంది అమ్మాయి. మాట్లాడుతూనే గుడ్డ అందుకుని తుడిచాను.